రాతకోతల ఇంగ్లిష్: అనకాపల్లి వాణిజ్యం, వృత్తినిపుణుల భాష

వ్యాపార, పారిశ్రామిక రంగాల్లో పనిచేసేవారికి ఇంగ్లిష్‌లో భావప్రసార నైపుణ్యం కావాలన్న మాట ఎంత తరచుగా వినిపిస్తుందో, ఆ నైపుణ్యం ఏ పనికి, ఎంత మేరకు, ఏ రూపంలో కావాలన్న విచారణ అంత అరుదుగా జరుగుతుంది. శిక్షణ కేంద్రాల బోర్డుల మీదా, కళాశాలల ప్రవేశ ప్రకటనల్లోనూ దానికి తడబడకుండా మాట్లాడటమనే ఒక్క అర్థమే స్థిరపడిపోయింది. అనకాపల్లి జిల్లాలో ఇంగ్లిష్ ఆధారంగా నడుస్తున్న ఉద్యోగాలను దగ్గరగా పరిశీలిస్తే మాత్రం వాటిలో అధికభాగం రాతకోతల పనేననీ, మాట్లాడే ఘట్టాలు తక్కువేననీ, ఆ కొద్ది ఘట్టాల్లో సైతం ఉచ్చారణ సొగసు కన్నా విషయం పొల్లుపోకుండా అవతలివారికి చేరడమే ముఖ్యమనీ తేలుతుంది. తమ సొంత వ్యాపారానికి ఇంగ్లిష్‌తో పెద్దగా పని పడని రోజుల్లోనే ఊరికి కళాశాల చదువు కావాలని తలచిన వర్తకుల తరం స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసంలో ఆ విషయం చర్చకు రావడం సముచితమే. అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషన్ లింగమూర్తి కళాశాల తన పేరులోనే ఆ వర్తక సంఘాన్ని నేటికీ నిలుపుకున్నది.

ఆ వర్తకుల వ్యాపారభాష లోపభూయిష్టమైనదేమీ కాదు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరుపడిన అనకాపల్లి యార్డులో దిమ్మలను వరుసలుగా పేర్చి, రంగునూ గట్టిదనాన్నీ చూసి ధర కట్టే వేలం తెలుగులోనే సాగుతూ వచ్చింది. ఒడిశా, బెంగాల్, బీహార్ వైపు కొనుగోలుదార్లతో వ్యవహారానికి కొద్దిపాటి ఒడియా, హిందీ చాలాయి. రైతు, కమీషన్ వ్యాపారి, సరుకు తూచే కొలగారు, మోసే కళాసీ అందరూ ఒక మాటను ఒకే అర్థంలో వాడటమూ, సరుకు అందరి కళ్లెదుట ఉండటమూ ఆ వ్యవస్థ బలం. దిమ్మ మీద వేలితో గీసి చూడగలిగినవాడికి దాని వర్ణన అక్కరలేదు. సరుకు ఒక దేశంలో, కొనేవాడు మరో దేశంలో, తనిఖీ చేసేవాడు ఇంకో దేశంలో ఉన్నప్పుడు చూపు చేసే పనిని కాగితం చేయవలసి వస్తుంది. ఇంగ్లిష్ అవసరం అనకాపల్లికి ఆ దారినే వచ్చింది.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేనాటికే ఈ మార్పు చాలా దూరం వచ్చేసింది. పరవాడలోని జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీలో తయారయ్యే మందులు, మందుల ముడిపదార్థాలు అమెరికా, యూరప్ మార్కెట్లకు పోతున్నాయి. అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ ఏర్పాటుచేసిన దుస్తుల తయారీ నగరంలో చుట్టుపక్కల గ్రామాల స్త్రీలు విదేశీ దుకాణాల కోసం బట్టలు కుడుతున్నారు. అదే అచ్యుతాపురంలో జపాన్‌కు చెందిన యోకొహామా గ్రూపు 2022లో టైర్ల కర్మాగారాన్ని ప్రారంభించింది. నక్కపల్లి వద్ద బల్క్ డ్రగ్ పార్కుకు, అంటే మాత్రలకూ ఇంజెక్షన్లకూ మూలమైన మందు రసాయనాల తయారీవాడకు, 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. దుస్తుల నగరంలో సింహళం మాట్లాడే మేనేజరు, తెలుగు మాట్లాడే సూపర్‌వైజరు కలిసి ఒక కుట్టు లోపాన్ని చర్చించుకునేటప్పుడు వారిద్దరిలో ఎవరికీ మాతృభాష కాని ఇంగ్లిష్ వారధి అవుతున్నది. భాషావేత్తలు దీనిని ఉమ్మడి వ్యవహారభాష అంటారు. లండన్ యాస ప్రమాణంగా లేని, పరస్పరం అర్థం కావడమొక్కటే కొలబద్దగా ఉన్న ఇంగ్లిష్ అన్నమాట. యాస మార్పిడికి నెలల తరబడి ఫీజులు కట్టే యువతకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం విచారకరం.

ఇంగ్లిష్‌ను ప్రదర్శనకు వాడటానికీ పనికి వాడటానికీ ఉన్న తేడాను చూపినవాడు ఈ నేలమీద పుట్టినవాడే. 1862లో నేటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో జన్మించిన గురజాడ అప్పారావు, 1892లో తొలిసారి రంగస్థలమెక్కి 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశాన్ని సృష్టించాడు. గిరీశం ఇంగ్లిష్‌కు అవతలివాడికి ఏదో తెలియజేయాలన్న ఉద్దేశం లేదు. అర్థం కాని శబ్దంతో వాడిని లొంగదీయడమే దాని ప్రయోజనం. అతని శిష్యుడు వెంకటేశం చదువును ఇంట్లోవాళ్ల ముందు రుజువు చేయడానికి గురుశిష్యులు ఆడే ఇంగ్లిష్ నాటకం నేటి డెమో క్లాసులకు తాతలాంటిది. అయితే ఆ గురజాడే 1914లో మద్రాసు విశ్వవిద్యాలయ సంఘం ఎదుట వ్యావహారిక తెలుగు పక్షాన తన అసమ్మతి పత్రాన్ని ఇంగ్లిష్‌లో రాశాడు. వాదం, ఆధారం, ప్రతివాదికి సమాధానం వరుసగా పేర్చిన ఆ పత్రంలో ఆడంబరానికి చోటు దొరకలేదు. వృత్తి ఇంగ్లిష్‌కు నమూనా కావలసినవాడు ఎస్. రాయవరం దాటి వెతుక్కోనక్కరలేదు.

అంతకు ముందటి తెలుగువారి అనుభవమూ ఇదే చెబుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా, అంటే సాక్షుల మాటను న్యాయమూర్తులకు వారి భాషలో వినిపించే అధికారిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామికీ, సదర్ అదాలతు అనే అప్పీలు కోర్టులో అనువాదకుడైన వెన్నెలకంటి సుబ్బారావుకూ ఇంగ్లిష్ అలంకారం కాదు. ఒక మాట తప్పితే ఒకరి ఆస్తో ప్రాణమో పోయే బాధ్యత. బడుల్లో అర్థం తెలియకుండా వల్లె వేయించే పద్ధతిని 1820లోనే విమర్శించిన సుబ్బారావు తన జీవితకథను ఇంగ్లిష్‌లో రాసుకోగా అది 1873లో అచ్చయింది. వర్తకుల పక్షాన గాజుల లక్ష్మీనరసు చెట్టిని తలచుకోవలసి ఉంటుంది. నీలిమందు, బట్టల వ్యాపారి అయిన ఆయన 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లిష్ పత్రికను స్థాపించాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్‌ను నెలకొల్పి బ్రిటిష్ పార్లమెంటుకు విజ్ఞప్తి పంపించాడు. శిస్తు వసూలులో రైతులను హింసిస్తున్నారన్న అందులోని ఫిర్యాదు విచారణ సంఘం నియామకానికి దారితీసింది, 1855లో ఆ సంఘం హింస నిజమేనని నివేదించింది. వ్యాపారి రాసిన ఇంగ్లిష్ అంత పని చేసిన సందర్భాలు దక్షిణాదిలో అరుదు.

నేటి పరవాడకు వస్తే, మందుల కర్మాగారంలో ఉద్యోగి పొద్దస్తమానం రాసేవి ముఖ్యంగా మూడు: బ్యాచ్ తయారీ రికార్డు, అనగా ఏ పదార్థం ఎప్పుడు ఎంత వేశారో అడుగడుగునా నమోదు చేసే పుస్తకం, పనిచేసే క్రమాన్ని నిర్దేశించే ప్రామాణిక విధానపత్రం, వాడుకలో ఎస్‌ఓపీ, ఆ క్రమం తప్పినప్పుడు రాసే డీవియేషన్ నివేదిక. అసలు పరీక్ష మూడోదాని దగ్గర వస్తుంది. రియాక్టరులో ఉష్ణోగ్రత హద్దు దాటిందనుకుంటే, సాధారణంగా కనిపించే రాత ఈ ధోరణిలో ఉంటుంది: ఆపరేటర్ అజాగ్రత్త వల్ల ఉష్ణోగ్రత స్వల్పంగా పెరిగినట్లు గమనించడమైనది, వెంటనే సరిచేయడమైనది, ఆపరేటర్‌కు తగు సూచనలు ఇవ్వడమైనది. దీనిని ఇంగ్లిష్‌లో పెడితే వ్యాకరణదోషం ఒక్కటీ ఉండకపోవచ్చు. స్వల్పంగా అంటే ఎన్ని డిగ్రీలో, ఎంతసేపో, గమనించింది ఎవరో, ఆ బ్యాచ్ సంఖ్య ఏమిటో, అందులోని సరుకును ఏం చేశారో మాత్రం అందులో లేదు. అరవై డిగ్రీల హద్దుకు అరవై మూడు నమోదైందనీ, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాల నుంచి పన్నెండు నిమిషాలు ఆ స్థితి ఉన్నదనీ, చల్లటి నీటి వాల్వు సగమే తెరుచుకోవడం కారణమని పరిశీలనలో తేలిందనీ చిన్నచిన్న వాక్యాల్లో రాసిన నివేదికలో ఇంగ్లిష్ మోటుగా ఉన్నా తనిఖీ అధికారికి కావలసినది దొరుకుతుంది. పైగా మొదటి నివేదిక ఒక మనిషి మీద నేరం మోపి ఊరుకుంటే, రెండోది వాల్వును పట్టుకుంటుంది.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీదారులు వచ్చినప్పుడు తమకు కనిపించిన లోపాలను ఫారం 483 అనే పత్రంలో రాసి, తనిఖీ చివర యాజమాన్యానికి అప్పగిస్తారు. పదిహేను పనిదినాల్లో అందే సమాధానాన్ని ఆ సంస్థ తదుపరి చర్యకు ముందు పరిగణనలోకి తీసుకుంటుంది. ఆ సమాధానం మీద కోట్ల వ్యాపారం ఆధారపడుతుంది. అందుకే ఈ రంగంలో రికార్డుకు ఆల్కోవా అనే సూత్రం ఏర్పడింది: రాసింది ఎవరో తెలియాలి, చదవడానికి వీలుగా ఉండాలి, పని జరిగిన సమయంలోనే రాయాలి, అసలు ప్రతి అయి ఉండాలి, నిజమై ఉండాలి. ఈ అయిదింటిలో ఒక్కటి కూడా ఇంగ్లిష్ వ్యాకరణానికి సంబంధించినది కాదన్నది గమనార్హం. షిఫ్ట్ చివర గుర్తున్నంత మేరకు అన్ని గడులూ ఒకేసారి నింపే అలవాటును ఏ స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సూ మాన్పించలేదు.

ఇంగ్లిష్ బాగా వచ్చినంత మాత్రాన భావప్రసారం జరిగిపోదనడానికి ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక ప్రమాదం కన్నా గట్టి ఉదాహరణ లేదు. 1988 జులై 6న 167 మంది మరణించిన ఆ దుర్ఘటనపై విచారణ జరిపిన లార్డ్ కల్లెన్, మరమ్మతు కోసం సేఫ్టీ వాల్వు తీసివేసిన పంపు సమాచారం పగటి షిఫ్ట్ నుంచి రాత్రి షిఫ్ట్‌కు చేరకపోవడాన్ని ప్రధాన లోపాలలో ఒకటిగా గుర్తించారు. అక్కడ పనిచేసేవారిలో అత్యధికులకు ఇంగ్లిష్ మాతృభాషే. చేరవలసిన సమాచారం చేరే ఏర్పాటు బలహీనంగా ఉన్నచోట భాష మీది పట్టు ఆదుకోలేదు. పరవాడ, అచ్యుతాపురం కర్మాగారాల్లో షిఫ్ట్ మార్పిడి మాటలు సహజంగా తెలుగులోనో, తెలుగూ హిందీ కలిసో నడుస్తాయి, లాగ్‌బుక్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఈ రెంటి మధ్య జారిపోయేదేమిటో చూసుకోవడం యువ ఇంజనీరు పనే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ కర్మాగారంలోని నోటీసులు ఇంగ్లిష్‌లోనూ, అధికసంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని నిర్దేశించింది. రసాయనంతో వచ్చే భద్రతా సమాచార పత్రంలో పదహారు విభాగాలు ఉంటాయి. ఆ పదహారింటినీ ఇంగ్లిష్‌లో చదివి, పీపా మోసే మనిషికి కావలసిన నాలుగు ముక్కలు తెలుగులో చెప్పగలగడం కూడా వృత్తిపరమైన ఇంగ్లిష్ నైపుణ్యంలో భాగంగానే లెక్కించాలి. 1913లో మొదలైన అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం ఇలాంటి పనిని చిరకాలంగా చేస్తూనే ఉన్నది. దాని శాస్త్రవేత్తల నివేదికలు ఇంగ్లిష్‌లో పోయాయి, 87ఎ298 వంటి చెరకు రకాల సాగు సలహాలు రైతుకు తెలుగులో అందాయి.

ఎగుమతి వ్యాపారంలో మాట విలువ మరింత కచ్చితంగా, రూపాయల్లో తెలుస్తుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటే కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ. దానిని పాలించే అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600 పేరుతో 2007 జులై 1 నుంచి అమలులో ఉన్నది. బ్యాంకులు చూసేది పత్రాలనే తప్ప సరుకును కాదని అందులోని అయిదో అధికరణం స్పష్టం చేస్తుంది. పరిమాణానికి ముందు సుమారు అన్న అర్థమిచ్చే ఇంగ్లిష్ మాట ఉంటే పది శాతం అటూ ఇటూ ఒప్పుకున్నట్టేనని ముప్పయ్యో అధికరణం చెబుతుంది. వంద టన్నుల బెల్లానికి ఆ ఒక్క మాటతో పది టన్నుల తేడా వస్తుంది. త్వరగా, వెంటనే, వీలైనంత తొందరలో అనే మాటలను బ్యాంకులు లెక్కలోకే తీసుకోవని మూడో అధికరణం. మన కార్యాలయ ఉత్తరాలు ఈ మూడు మాటల మీదే బతుకుతున్నాయన్నది వేరే సంగతి. అలాగే ఎఫ్‌ఓబీ అన్న మూడక్షరాలు ఒప్పందంలో పడితే విశాఖ రేవులో సరుకు ఓడ మీదికి చేరేదాకా నష్టభయం అమ్మేవాడిది, ఆ తరవాత కొనేవాడిది. ఇటువంటి పదకొండు షరతులను ఇన్‌కోటర్మ్స్ పేరిట అంతర్జాతీయ వాణిజ్య మండలి నిర్వచించింది. విదేశీ కొనుగోలుదారుకు తమ బెల్లం మేలురకమనీ, అత్యుత్తమమనీ విశేషణాలు పేర్చి రాసే ఉత్తరం కన్నా తేమ శాతం, దిమ్మ బరువు, తెల్లదనం కోసం కలిపే హైడ్రోస్ వాడారా లేదా, ప్రయోగశాల పత్రం జతచేశారా లేదా అన్న నాలుగు వివరాల ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

తెలుగువారి ఇంగ్లిష్‌లో దిద్దుకోవలసినవిగా సాధారణంగా ఉచ్చారణ దోషాలను చూపిస్తారు. వ్యవహారంలో చిక్కులు తెచ్చేవి వేరే ఉన్నాయి. పెద్దవారిని పని అడిగేటప్పుడు ముందు సందర్భం, ఇబ్బంది, కారణం చెప్పి, అడగవలసినది చివర అడగడం తెలుగు మర్యాద. అదే క్రమంలో రాసిన మెయిల్‌లో అసలు అభ్యర్థన ఆఖరి పంక్తిలో పడి, పైభాగం మాత్రమే చూసే విదేశీ మేనేజరుకు అందకుండా పోతుంది. మర్యాదను వదులుకోనక్కరలేదు, దాన్ని రెండో పేరాకు జరిపితే చాలు. ఫోనులో వింటున్నానన్నట్టు ‘అలాగే’ అనడం మనకు ఊతపదం. దాని ఇంగ్లిష్ రూపాన్ని అవతలివాడు ఒప్పుకోలుగా రాసుకుంటాడు. చూద్దామంటే కాదనే అర్థమని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు, కొలంబోలోనో టోక్యోలోనో తెలియదు. లక్షలు, కోట్లు మిలియన్లలోకి మార్చేటప్పుడు ఒక సున్నా జారడం, 04/05 అని రాసిన తేదీ ఇక్కడ మే నాలుగుగా, అమెరికాలో ఏప్రిల్ అయిదుగా చదవబడటం వంటివి చిల్లర విషయాలుగా కనిపించినా ఓడ బయలుదేరే తేదీ దగ్గర అవి చిల్లరగా ఉండవు. నెల పేరును అక్షరాల్లో రాయాలన్న ఒక్క నియమం ఎన్నో గంటల వ్యాకరణ పాఠం కన్నా ఎక్కువ ఉపకారం చేస్తుంది.

మాట్లాడే నైపుణ్యానికి విమానయాన రంగం ఒక దారి చూపింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకూ నియంత్రకులకూ భాషా ప్రమాణాలను నిర్ణయించి నాలుగో స్థాయిని కనీసంగా పెట్టింది. వారి వ్యవహారంలో కీలకమైనది, ముఖ్యమైన ఆదేశాన్ని విన్నవాడు తిరిగి చదివి వినిపించడం. ఫోను సంభాషణ ముగిసేముందు పరిమాణం, తేదీ, బాధ్యుడు అనే మూడింటినీ తిరిగి చెప్పి, పది నిమిషాల్లో మూడు వాక్యాల మెయిల్ పంపే అలవాటు చేసుకున్న ఉద్యోగికి వినికిడిలో పోయిన మాట రాతలో దొరుకుతుంది. ధారాళంగా మాట్లాడలేనివారికి ఇది పెద్ద ఊరట కూడా.

1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లిష్ సంస్థ, నేటి ఇఫ్లూ, స్థాపన అయినప్పటి నుంచి తెలుగునాట ఇంగ్లిష్ బోధనపై గంభీరమైన కృషి జరిగింది. వృత్తి అవసరానికి తగిన ఇంగ్లిష్‌ను వేరుగా బోధించాలన్న సిద్ధాంతమూ ప్రపంచమంతటా దశాబ్దాలుగా ఉన్నది. అయినా ఇంజనీరింగ్ కళాశాలల భాషా ప్రయోగశాలల్లో విద్యార్థి తనను తాను పరిచయం చేసుకోవడం, బృందచర్చలో ముందుగా అందుకోవడం వంటివే అభ్యాసాలుగా సాగుతున్నాయి. వీటిని తీసేయాలని కాదు, ఇంటర్వ్యూ గది దాటాక వాటికి పని తక్కువ.

నక్కపల్లిలో నియామకాలు ఊపందుకునేలోగా జిల్లా కళాశాలలు చేయగలిగిన పనులు మూడున్నాయి. కర్మాగారాల నుంచి పేర్లూ ఉత్పత్తి రహస్యాలూ తొలగించిన పాత డీవియేషన్ నివేదికలు, దుస్తుల కొలతలూ కుట్టు వివరాలూ ఉండే టెక్ ప్యాక్‌లు, ఎగుమతి ఇన్వాయిస్‌లు తెచ్చి వాటినే పాఠ్యంగా పెట్టడం. ఒక పేజీని మూడోవంతుకు కుదించే, పాత పరీక్షల్లో ఉండి మరుగున పడిన సంక్షేపరచనను మళ్లీ తేవడం. ఇంగ్లిష్‌లో చదివిన ఎస్‌ఓపీని తెలుగులో చెప్పించి, తెలుగులో విన్న ఫిర్యాదును ఇంగ్లిష్‌లో రాయించడం. ఇందుకు అధ్యాపకులు వేసవిలో రెండు వారాలు షాప్‌ఫ్లోర్ మీద గడపవలసి వస్తుంది, కర్మాగారాలు ఒక క్వాలిటీ ఉద్యోగిని నెలకోసారి తరగతికి పంపవలసి వస్తుంది. రెండు పక్షాలకూ ఇది అదనపు భారమే, దాని ఖర్చు యాజమాన్యాలు భరించడం న్యాయం. ఈ అభ్యాసాల జవాబుపత్రాన్ని ఇంగ్లిష్ అధ్యాపకుడూ షిఫ్ట్ ఇన్‌ఛార్జీ చెరిసగం మార్కులతో దిద్దాలి. వాక్యాలన్నీ నిర్దోషంగా ఉండి బ్యాచ్ సంఖ్య లేని నివేదికకు రెండో సగంలో సున్నా పడాలి.